యానిమే (జపనీస్ యానిమేషన్) ఆంగ్ల డబ్బింగుకు, బ్లూ-రే డిస్కులకు అభిమానులు ముందుగా డబ్బు కట్టడం సమంజసమేనా?

పడవరేవు (చర్చ ప్రారంభం):

2017లో అమెరికాకు చెందిన రైట్ స్టఫ్ సంస్థ, తన డిస్కుల విభాగమైన నొజోమి ఎంటర్‌టైన్‌మెంట్ పేరిట, ‘ఆరియా’ సిరీస్‌కు ఆంగ్ల డబ్బింగు చేయించి బ్లూ-రేగా విడుదల చేయడానికి జనం నుంచి ముందుగా డబ్బు సేకరించే వెబ్‌సైటు కిక్‌స్టార్టర్ ద్వారా అభిమానుల నుంచి డబ్బు సేకరించింది. లక్ష డాలర్లకు కాస్త పైబడిన లక్ష్యంతో, మొదటి సీజను వరకే అనుకుని మొదలుపెట్టిన ఆ ప్రయత్నానికి ఐదు లక్షల డాలర్లకు మించి రావడంతో మిగిలిన సీజన్లకు కూడా డబ్బింగు జరిగింది. దానికి ముందు సంవత్సరం పైడ్ పైపర్ అనే చిన్న సంస్థ 25 ఎపిసోడ్ల ‘స్కిప్ బీట్!’ కోసం లక్షా 55 వేల డాలర్లు అడిగి, అడిగినదానికంటే ఎక్కువే సంపాదించింది. హక్కులు కొనుక్కుని డిస్కులు అమ్ముకునే వ్యాపార సంస్థ, పెట్టుబడిని ప్రేక్షకుల నుంచే ముందుగా అడగడం న్యాయమా కాదా అన్నదే నేను చర్చకు పెడుతున్న ప్రశ్న.

న్యాయమేనని నా అభిప్రాయం. ‘ఆరియా’ ఎలాంటి కథో తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. అమానో కోజుయే మాంగా (జపనీస్ కామిక్సు) ఆధారంగా సాతో జునిచి దర్శకత్వంలో 2005 నుంచి 2008 వరకు వచ్చిన ఈ సిరీస్‌లో, నీటితో నిండిన అంగారక గ్రహం మీద వెనిస్‌ను పోలిన నగరంలో కొందరు అమ్మాయిలు పడవ నడుపుతూ పర్యాటకులకు ఊరు చూపించడం నేర్చుకుంటారు. యుద్ధం లేదు, ప్రతినాయకుడు లేడు. ఒక ఎపిసోడ్ మొత్తం మంచు కురవడం చుట్టూ గాని, ఒక ఉత్తరం చుట్టూ గాని తిరగవచ్చు. ఇలాంటి సిరీస్ అమెరికాలో మొదట సబ్‌టైటిళ్ళతో మాత్రమే డీవీడీగా వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. టీవీ ఎపిసోడ్లే 52, వాటికి తోడు ఒక ఓవీఏ (టీవీలో కాక నేరుగా డిస్కుగా వచ్చే ఎపిసోడ్). అన్నింటికీ డబ్బింగు చేయించి, ఆ ఖర్చు డిస్కుల అమ్మకంలో తిరిగి వస్తుందని ఏ సంస్థ ధైర్యం చేస్తుంది? కావాలనుకునేవారు ఎందరో ముందే తేలితే తప్ప అది జరిగే పని కాదు. అలా తేల్చగల మార్గం ఇప్పటికి ఇదొక్కటే కనబడుతోంది.

లెక్కల పుస్తకం:

పడవరేవు గారూ, ఆ సిరీస్ మీద మీకున్న ప్రేమను నేను గౌరవిస్తాను, కాని మీరు వదిలేసిన సంగతి ఒకటుంది. వ్యాపారంలో నష్టభయం ఎవరు మోస్తారో లాభం కూడా వారికే చెందాలి. ఇక్కడ నష్టభయం అభిమానికి, లాభం సంస్థకు. డబ్బు కట్టినవాడికి దక్కేది ఒక డిస్కుల పెట్టె. డబ్బింగు శబ్దం మీద హక్కు, ఆ తరువాత అంగళ్ళలో అమ్మే డిస్కుల మీద రాబడి, స్ట్రీమింగుకు ఇచ్చినప్పుడు వచ్చే సొమ్ము, ఇవన్నీ సంస్థవే. 2022లో రైట్ స్టఫ్‌ను యానిమే స్ట్రీమింగు సంస్థ క్రంచిరోల్ కొనుగోలు చేసింది. క్రంచిరోల్ అప్పటికే సోనీ యాజమాన్యంలో ఉంది. అభిమానుల చేతి డబ్బుతో తన జాబితాను పెంచుకున్న చిన్న సంస్థ పెద్ద సంస్థలో కలిసిపోయినప్పుడు, ఆ డబ్బు కట్టినవారిని అడిగినవారు లేరు, అడగవలసిన అవసరం కూడా చట్టప్రకారం లేదు. అభ్యంతరం చెప్పవలసింది సరిగ్గా ఈ ఏర్పాటు గురించే.

కిక్‌స్టార్టర్ తాను అంగడిని కానని తానే చెబుతుంది. లక్ష్యం చేరితే వచ్చిన మొత్తంలో 5 శాతం తీసుకుంటుంది, చెల్లింపుల రుసుము దాని మీద అదనం. అంటే మనం కట్టే ప్రతి వంద డాలర్లలో ఎనిమిదీ పదీ డబ్బింగు గది దాకా చేరనే చేరవు. ఇక ఆలస్యం సంగతి. నేను ఇలాంటి మరొక సేకరణలో డబ్బు కట్టాను. సంస్థ పేరు అనవసరం. చెప్పిన గడువు దాటి ఏడాదికి పైగా గడిచింది, ఆలోగా నేను ఇల్లు మారాను, పార్సిలు పాత చిరునామాకు వెళ్ళి వెనక్కి తిరిగింది, రెండోసారి పంపడానికి తపాలా ఖర్చు నేనే కట్టవలసి వచ్చింది. అంగడిలో కొన్న వస్తువైతే ఫిర్యాదు చేసే దారి ఉండేది.

అభిమానుల సొమ్ము గౌరవంగా వాడిన సందర్భాలు లేవని నేను అనను. జపాన్‌లో 2015లో ‘ఇన్ దిస్ కార్నర్ ఆఫ్ ది వరల్డ్’ చిత్రానికి మకువాకే అనే ఇలాంటి సేకరణ వేదిక మీద 3,374 మంది కలిసి సుమారు 3 కోట్ల 90 లక్షల యెన్లు ఇచ్చారు. ఆ డబ్బును చిత్రం మొత్తానికి పెట్టుబడి అనుకోలేదు. నమూనా దృశ్యాలు తయారుచేసి, ఇంతమంది ఎదురుచూస్తున్నారని అసలు పెట్టుబడిదారులకు చూపించడానికి వాడారు. చిత్రం మరుసటి సంవత్సరం విడుదలైనప్పుడు ఇచ్చినవారి పేర్లు చివర తెర మీద వచ్చాయి. అక్కడ అభిమానుల డబ్బు పెట్టుబడిని పిలిచింది. డిస్కుల సంస్థలు చేసేది మాత్రం పెట్టుబడి స్థానంలోనే ఆ డబ్బును కూర్చోబెట్టడం.

మూలభాష:

నా అభ్యంతరం వేరు. డబ్బు సేకరించడం తప్పు కాదు, కాని దానిని డబ్బింగు మీద ఎందుకు పెట్టాలి? మూలంలో నటించినవారి గొంతును దర్శకుడు ఎంచుకున్నాడు. సబ్‌టైటిళ్ళు ఆ గొంతును అలాగే ఉంచి అర్థాన్ని మాత్రం అందిస్తాయి. అదే సొమ్ముతో మంచి చిత్రనాణ్యత, జాగ్రత్తగా సరిచూసిన అనువాదం, వ్యాఖ్యలతో కూడిన పుస్తకం ఇవ్వవచ్చు. అనిమెయిగో సంస్థ 2013లో ‘బబుల్‌గమ్ క్రైసిస్’ బ్లూ-రే కోసం డబ్బు సేకరించినప్పుడు డబ్బింగు కొత్తగా చేయవలసిన పని లేకపోయింది, ఎప్పుడో చేసినది ఉంది. వచ్చిన డబ్బు డిస్కు మీదే ఖర్చయింది. నేను సమర్థించేది అలాంటి సేకరణలనే.

శబ్దశాల:

మూలభాష గారూ, గొంతు గురించి మీరు చెప్పినది నిజమే, నేను కూడా ‘ఆరియా’ను జపనీస్‌లోనే మొదట విన్నాను. కాని డబ్బింగు మీద పెట్టిన సొమ్ము వృథా అన్నట్టుగా మాట్లాడితే ఒప్పుకోలేను. నేను హైదరాబాదులో డబ్బింగు పనిలో ఉన్నాను కనుక ఖర్చు ఎక్కడ పుడుతుందో చెప్పగలను. ముందు అనువాదం, ఆ తరువాత దానిని పాత్ర నోరు తెరిచి మూసే వ్యవధిలో ఇమిడేలా తిరగరాయాలి. యానిమేలో నోటి కదలికలు మనుషుల పెదవులంత సూక్ష్మంగా ఉండవు కాబట్టి ప, బ, మ వచ్చినచోట పెదవులు కలవాలన్న పట్టింపు తక్కువ, కాని మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలన్న కట్టుబాటు సినిమాకు ఎంతో దీనికీ అంతే. ఆ రచన సిద్ధమయ్యాక నటులను ఎంచుకోవాలి, చాలా సందర్భాలలో ఆ ఎంపికకు జపాన్‌లోని నిర్మాణ కమిటీ (సిరీస్‌కు పెట్టుబడి పెట్టిన సంస్థల బృందం) ఆమోదం తెచ్చుకోవాలి, ఒక్కొక్కరినీ విడివిడిగా గదిలో నిలబెట్టి రికార్డు చేయాలి, చివరికి సంగీతమూ పరిసర శబ్దాలూ మాత్రమే ఉన్న ట్రాకు మీద ఆ గొంతులను కలిపి మిక్సింగు చేయాలి. పాత సిరీస్‌లకు ఆ ట్రాకు విడిగా దొరకకపోతే పని రెట్టింపు అవుతుంది. డిస్కు ముద్రణ ఖర్చు ఎన్ని ప్రతులు వేస్తే అంత. డబ్బింగు ఖర్చు మాత్రం ఒక్కరు చూసినా లక్షమంది చూసినా అంతే. అందుకే చూసేవారు కొద్దిమంది ఉన్న సిరీస్‌కు మొదట తెగ్గోసేది డబ్బింగునే.

డబ్బింగు ఎవరికి కావాలంటారా? చూపు తగ్గినవారికి, చదవడం ఇంకా పూర్తిగా రాని పిల్లలకు, రోజంతా తెర మీద అక్షరాలు చదివి అలసినవారికి. ‘ఆరియా’లో చాలాసేపు ఎవరూ మాట్లాడరు, నీటి మీద వెలుతురును, వంతెనల కింద నీడలను చూడడానికే ఆ నిశ్శబ్దాన్ని పెట్టారు. మాట వచ్చిన ప్రతిసారీ కన్ను కింది వరుసకు జారితే పోయేది కూడా దర్శకుడు ఎంచుకున్నదే.

తెలుగువారికి ఈ విషయం దూరమైనది కాదు. ‘సోలో లెవెలింగ్’ ఇప్పుడు తెలుగులో ఉంది. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాసిల్’ తెలుగు డబ్బింగుతో మన థియేటర్లలో ఆడింది. అవి రావడానికి కారణం అవి పెద్ద జనాన్ని రప్పించే కథలు కావడం. ‘ఆరియా’ లాంటి మెల్లని కథకు తెలుగు గొంతు కావాలంటే ఏ సంస్థా తనంత తానుగా పూనుకోదు. ఆ రోజు వస్తే అడగవలసింది మనలనే, మనం ఇవ్వవలసి ఉంటుంది. అందువల్ల అమెరికాలో ఈ పద్ధతి ఎలా నడిచిందో, ఎక్కడ తడబడిందో మనం శ్రద్ధగా చూడాలి.

పడవరేవు:

లెక్కల పుస్తకం గారి అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. కాని ఆయన పెట్టుబడి అన్న దానిని నేను ముందస్తు కొనుగోలు అనుకుంటున్నాను. కిక్‌స్టార్టర్‌లో లక్ష్యం చేరకపోతే ఎవరి ఖాతా నుంచీ డబ్బు తీసుకోరు. కాబట్టి కావలసినవారు తగినంత మంది లేని సిరీస్ ఎవరినీ నష్టపరచకుండా ఆగిపోతుంది. 2013లో మొదలైన అనిమే సోల్స్ పాత సిరీస్‌ల డిస్కుల కోసం ఇలాగే అభిమానులను అడిగింది. ‘క్రీమీ మామి’కి ఆదరణ దొరికింది, మరికొన్నింటికి దొరకలేదు, మరుసటి సంవత్సరమే ఆ ప్రయత్నం ముగిసింది. అది నాకు బాధ కలిగించిన ముగింపు, అయినా ఆ పద్ధతి చెప్పవలసిన నిజాన్ని చెప్పింది.

డిస్కే ఎందుకు అని ఇక్కడ ఎవరూ అడగలేదు గాని, నా దృష్టిలో అసలు బలం అక్కడే ఉంది. 2024 ఏప్రిల్ 2న ఫ్యునిమేషన్ అనే యానిమే స్ట్రీమింగు సేవ మూతపడినప్పుడు, డిస్కులతో పాటు వచ్చిన కోడ్‌లతో డిజిటల్ ప్రతులు తీసుకున్నవారు ఆ ప్రతులను పోగొట్టుకున్నారు. క్రంచిరోల్‌కు అవి బదిలీ కాలేదు. అదే సిరీస్ డిస్కును బీరువాలో పెట్టుకున్నవారికి ఏమీ కాలేదు. జపాన్ నుంచి తీసుకునే హక్కులకు కాలపరిమితి ఉంటుంది. అది తీరిన నాడు స్ట్రీమింగులో నుంచి సిరీస్‌తో పాటు దాని డబ్బింగు కూడా మాయం కావచ్చు. అభిమానుల డబ్బుతో చేసిన డబ్బింగు డిస్కు మీద లేకపోతే, ఎవరి సొమ్ముతో తయారైందో వారికే అది దక్కని రోజు వస్తుంది. డబ్బింగునూ డిస్కునూ ఒకే సేకరణలో కలపడం సరైనదని నేను అనడానికి కారణం ఇదే.

లెక్కల పుస్తకం:

డిస్కు విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయితే భారతదేశంలో ఉన్నవారి పరిస్థితి చూడండి. బ్లూ-రే డిస్కుల కోసం ప్రపంచాన్ని ‘ఏ’ (A), ‘బీ’ (B), ‘సీ’ (C) అని మూడు ప్రాంతాలుగా విడదీశారు. అమెరికా, జపాన్ రెండూ ‘ఏ’ ప్రాంతం కిందికి వస్తాయి. మన దేశం ‘సీ’ ప్రాంతం. ‘ఏ’ ప్రాంతంలో మాత్రమే ఆడేలా తాళం వేసిన డిస్కు ఇక్కడ కొన్న ప్లేయరులో ఆడదు. జపాన్‌లో రెండు మూడు ఎపిసోడ్లున్న డిస్కునే ఎంతో ఖరీదుకు అమ్ముతారు కాబట్టి, చవకైన అమెరికా డిస్కులు తిరిగి జపాన్ చేరతాయన్న భయం అక్కడి హక్కుదారులకు ఎప్పుడూ ఉంటుంది, కాని ప్రాంతపు తాళం ఆ భయాన్ని తీర్చలేదు, ఎందుకంటే రెండు దేశాలదీ ఒకే ప్రాంతం. అది బయట ఉంచేది యూరప్ వారిని, ఆస్ట్రేలియా వారిని, మనలను. విజయవాడ నుంచి డబ్బు కట్టినవాడు అంతర్జాతీయ తపాలా ఖర్చు భరించి, కస్టమ్స్ సుంకం కట్టి తెచ్చుకున్న పెట్టెను తెరచి చూస్తే, అందులోది అతని ఇంట్లో ఆడని వస్తువు కావచ్చు.

అందువల్ల నా అభ్యంతరాన్ని ఇలా కుదించి చెబుతాను. డబ్బు అడిగే ముందే హక్కుల ఒప్పందం సంతకమై ఉందో లేదో, దాని కాలపరిమితి ఎంతో, డిస్కుకు ప్రాంతపు తాళం ఉంటుందో లేదో, గడువు దాటితే కట్టినవారు సొమ్ము వెనక్కి తీసుకోవచ్చో లేదో రాసిపెట్టాలి. లాభంలో వాటా అడగడం మానుకుంటాను. ఈ నాలుగూ రాయని సంస్థకు, సిరీస్ ఎంత గొప్పదైనా, నేను డబ్బు కట్టను.

పడవరేవు:

మొదటి మూడింటికి నేను పూర్తిగా ఒప్పుకుంటాను. నాలుగోది మాత్రం చిన్న సంస్థలకు సాధ్యం కాదు. డబ్బింగు గదికీ, నటులకూ చెల్లించిన సొమ్ము ఖర్చయిపోయింది; జపాన్‌లో ఆమోదం ఆలస్యమై గడువు దాటినంత మాత్రాన దానిని తిరిగి ఇమ్మంటే, ఆ సంస్థ డిస్కు ముద్రించకుండానే మూతపడుతుంది, అప్పుడు ఓపికగా వేచి ఉన్న మిగతావారికి కూడా ఏమీ మిగలదు. దానికి బదులు ప్రతి నెలా పని ఎంతవరకు వచ్చిందో, ఏ ఆమోదం దగ్గర ఆగిందో తెలియజేయాలనీ, చిరునామా మారినవారికి మళ్ళీ పంపే ఖర్చు సంస్థే పెట్టుకోవాలనీ షరతు పెడితే మీరు కడతారా? శబ్దశాల గారు కూడా ఒకటి చెప్పాలి: ఒక గంట నిడివి గల తెలుగు డబ్బింగుకు, గొంతు ఇచ్చినవారికి తగిన ప్రతిఫలం ఇస్తూ, సుమారుగా ఎంత ఖర్చు అవుతుంది?

శబ్దశాల:

అంకె ఇప్పుడే చెప్పను, ఎందుకంటే స్టూడియో అద్దె, నటుల సంఖ్య, మిక్సింగు స్థాయిని బట్టి అది చాలా మారుతుంది. తొందరపడి చెప్పిన అంకె మీద ఎవరైనా సేకరణ మొదలుపెడితే లక్ష్యం చేరిన తరువాత కూడా పని ఆగిపోతుంది. పాత్రల జాబితా, ఎపిసోడ్ల నిడివి, సంగీత ట్రాకు విడిగా దొరుకుతుందో లేదో అన్న వివరం, ఈ మూడూ ఇస్తే మా మాటల రచయితతోనూ సౌండ్ ఇంజనీరుతోనూ కూర్చుని పద్దులవారీగా రాసి ఇక్కడే పెడతాను.