కాలువ గట్టు కింద ఊట: సున్నం చల్లాలా?

ప్రశ్న (కోనసీమ, కొబ్బరి రైతు):
మా తోట కాలువ గట్టును ఆనుకుని ఉందండీ. గట్టు దిగువన రెండు సెంట్లు చిత్తడే. తుంగ, జమ్ము తప్ప ఏమీ రావడం లేదు. నీటి మీద తుప్పు రంగు, నూనెలాంటి తెట్టు. అమెరికాలో ఇలాంటి చెట్ల మధ్య ఊట నేలల్లో పురుగుల్ని తినే మొక్కలుంటాయని మావాడు ఫొటోలు చూపించి, అవే పెడదామంటున్నాడు. పక్క రైతేమో ఆమ్ల నేల, సున్నం చల్లెయ్ అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు:
ముందు ఆ తెట్టును పుల్లతో కదపండి. పెంకుల్లా విరిగితే ఇనుము బ్యాక్టీరియా పని, మళ్లీ కలిసిపోతే నూనె. ఇది తెలియక నేను పక్కవాళ్ల ట్రాక్టరు డీజిలని గొడవేసుకున్నాను.

ఇంకో జవాబు:
తుప్పు కనిపిస్తే ఆమ్లమని కాదండీ. గాలాడని మట్టిలో ఇనుము కరుగుతుంది, పైకొచ్చి గాలి తగిలితే తుప్పవుతుంది, అంతే. మీవాడు చూపించింది మేరీలాండ్, వర్జీనియా వైపు మాగ్నోలియా బోగ్ అనే చిత్తడి నేల అయ్యుంటుంది. అక్కడ వాన నీరు సారంలేని ఇసుక, గులకరాళ్ల గుండా దిగి, కింద బంకమట్టి అడ్డుపడితే వాలు అడుగున ఊరుతుంది. ఆ పేద, పుల్లని నీటికి తట్టుకునేవే బతుకుతాయి: స్ఫాగ్నమ్ నాచు, స్వీట్‌బే మాగ్నోలియా, ఎర్ర మేపుల్, పలచటి నీడలో పురుగుల్ని తినే డ్రోసెరా. చెట్లు కమ్ముకుంటే ఆ చిన్న మొక్కలు పోతాయి.

మనది గోదారి ఒండ్రు. సారం ఎక్కువ, అదే తేడా. ఇక్కడ డ్రోసెరా పెడితే తుంగ నెలలో మింగేస్తుంది. మీ ఊటకు వాలు కొండది కాదు, కాలువ గట్టుది. వేసవిలో కాలువలు కట్టేశాక ఆరిపోతుందేమో చూడండి. ఆరితే కాలువ నీరే.

సున్నం మాత్రం పరీక్ష లేకుండా వద్దు. నీరు నిలిచిన మట్టి పి.హెచ్. (పులుపు కొలత) కొన్ని వారాల్లో దానంతటదే 7 వైపు, అంటే పులుపూ క్షారమూ కాని స్థితికి, జరుగుతుంది. కొబ్బరి 5 నుంచి 8 దాకా తట్టుకుంటుంది కూడా. దాని వేళ్లకు చేటు నిలవ నీరే. బోదె తీసి మురుగు కాలువలోకి వదలండి. ఆ రెండు సెంట్లలో కానుగో మొగలో వేసుకోవచ్చు, గట్టు మీద మాత్రం వద్దు.

ప్రశ్న అడిగినవారు:
పెంకుల్లాగే విరిగిందండీ. నీరు మాత్రం నిన్నటి నుంచి కాస్త బురదగా వస్తోంది.

ఇంకో జవాబు:
అయితే మొక్కల సంగతి తర్వాత. నీటితో పాటు గట్టు మట్టి కొట్టుకొస్తోందన్నమాట. ఇవాళే కాలువ చూసుకునే లస్కరుకి చెప్పండి. ఊట వచ్చే చోట మీరు తవ్వకండి.