రుమటాయిడ్ ఆర్థరైటిస్: కీళ్లు కాక ఇంకెక్కడ ఇబ్బంది పడుతున్నారు?

వేకువ:
ఆర్‌ఏ (రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం) మందులతో నా వేళ్ల వాపు చాలావరకు తగ్గింది. కానీ కళ్లలో ఇసుక పడ్డట్టు గరగర, నోరు ఎండిపోవడం, లేస్తూనే ఒంట్లో సత్తువ లేకపోవడం వదలడం లేదు. ఇవీ దీనివల్లేనా? మీలో ఎవరికైనా ఉన్నాయా?

నీలిమేఘం:
నాకూ అంతేనండీ. కంటి డాక్టరు కింది రెప్పలో చిన్న కాగితం ముక్క పెట్టి, కన్నీరు ఎంత ఊరుతోందో చూశారు. బాగా తక్కువ. ఆర్‌ఏతో పాటు కన్నీటి గ్రంథులు, లాలాజల గ్రంథులు కూడా దెబ్బతింటే షోగ్రెన్ సిండ్రోమ్ అంటారు. చుక్కల మందుతో ఇప్పుడు హాయిగా ఉంది. కానీ కన్ను ఎర్రబడి లోపల్నుంచి నొప్పి వస్తే మాత్రం చుక్కలతో సరిపెట్టుకోవద్దు, ఆ రోజే చూపించుకోండి. అది స్క్లెరైటిస్ (కంటి తెల్లగుడ్డు పొర వాపు) అయితే చూపుకే ముప్పు.

చిరుగాలి:
నీరసం సంగతి నేను చెప్తాను. ఎన్ని ఐరన్ మాత్రలు వాడినా నా హిమోగ్లోబిన్ పెరగలేదు. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (జబ్బు వల్ల లోపల వచ్చే వాపు) ఉన్నప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా తయారుచేస్తుందట. అది నిల్వ ఉన్న ఐరన్‌ను రక్తంలోకి రానివ్వదు. ఆర్‌ఏ మందు మార్చి, జబ్బు అదుపులోకి వచ్చాకే నాకు రక్తం పట్టింది.

తూర్పుగాలి:
చిరుగాలి గారూ, ఫెరిటిన్ (ఐరన్ నిల్వను చూపే రక్తపరీక్ష) ఒక్కటే చూసి ఐరన్ బాగుందనుకోకూడదు. ఇన్‌ఫ్లమేషన్‌లో అదీ పెరుగుతుంది. కొందరికి ఐరన్ లోపం వల్ల వచ్చేదీ, ఇన్‌ఫ్లమేషన్ వల్ల వచ్చేదీ, రెండు రకాల రక్తహీనతా కలిసే ఉంటుంది.

మా అమ్మకైతే ఊపిరితిత్తుల్లో వచ్చింది. కీళ్ల నొప్పులు బాగా తగ్గిన రోజుల్లోనే పొడిదగ్గు మొదలైంది, మెట్లెక్కితే ఆయాసం. ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ కనపడలేదు. హెచ్‌ఆర్‌సీటీ (మరింత వివరంగా చూపే సీటీ స్కాన్) తీస్తే ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడుతున్నాయని తేలింది. కీళ్లు బాగున్నాయి కదా అని దగ్గును వదిలేయకండి, దయచేసి. అరుదుగా ఆర్‌ఏకు వాడే మెథోట్రెక్సేట్ మందు వల్ల కూడా ఊపిరితిత్తులు వాస్తాయి. అందుకే కొత్తగా దగ్గో ఆయాసమో వస్తే వెంటనే మీ రుమటాలజిస్ట్‌కు (కీళ్లవాతం డాక్టరుకు) చెప్పండి. పొగతాగే అలవాటుంటే ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

నీలిమేఘం:
గుండె మాట ఎవరూ ఎత్తలేదు. ఆర్‌ఏ ఉంటే గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. మామూలు పద్ధతిలో లెక్కకట్టిన ముప్పును 1.5తో హెచ్చవేయమని యూరప్ రుమటాలజీ సంఘం యూలార్ సూచిస్తుంది. జబ్బు రేగినప్పుడు కొలెస్ట్రాల్ తక్కువగా కనపడొచ్చు కాబట్టి, అదుపులో ఉన్నప్పుడు చేయించిన పరీక్షనే లెక్కలోకి తీసుకోవాలి.

వేకువ:
అందరికీ థ్యాంక్స్ అండీ. నా మోచేతి వెనక చర్మం కింద గట్టి గడ్డ కూడా ఉంది, నొప్పి లేదు. త్వరలో పంటి ఆపరేషన్ ఉంది, మత్తిస్తారట. దాని గురించి టెన్షన్ పడాలా?

తూర్పుగాలి:
గడ్డ రుమటాయిడ్ నాడ్యూల్ (ఆర్‌ఏ వల్ల చర్మం కింద వచ్చే గడ్డ) కావచ్చు, డాక్టరుకు చూపించండి. నొప్పి లేకపోతే చాలామందికి అలాగే వదిలేస్తారు. మత్తు డాక్టరుకు మాత్రం ఆర్‌ఏ ఉందని తప్పకుండా చెప్పండి. కొందరికి మెడలో పై రెండు పూసల మధ్య పట్టు సడలి ఉంటుంది. గొంతులోకి గొట్టం వేసేటప్పుడు మెడను ఎక్కువగా వంచితే వెన్నుపాము నలగొచ్చు. మెడనొప్పి, చేతుల్లో తిమ్మిర్లు ఉంటే అవీ చెప్పండి, ముందే మెడ ఎక్స్‌రే తీయిస్తారు.