ఈ చైనా చెక్క పాత్ర అసలు దేనికి వాడేవారు?

నిరుడు బీజింగ్‌లోని పాన్‌జియాయువాన్ పాత సామాన్ల సంతలో గుండ్రటి చెక్క పాత్ర ఒకటి కొన్నాను. ఎత్తు 24 సెంటీమీటర్లు, మూతి వెడల్పు 22. రెండు ఇత్తడి పట్టీలు, వంపు తిరిగిన పిడి, రెండు ముక్కల మూత. ఎర్ర లక్క అక్కడక్కడా పెచ్చులూడింది. అమ్మినాయన "పాతది" అన్నాడంతే, బేరం మాత్రం ఆడనివ్వలేదు.

ముందు ధాన్యం కొలిచే 'దౌ' అనుకున్నాను. అదైతే సుమారు 10 లీటర్లు పట్టాలి. బియ్యం పోసి చూస్తే 6 లీటర్లకే నిండింది. పైగా అంచుకు ఒకచోట బొటనవేలు పట్టేంత గంటు ఉంది, గింజలన్నీ అక్కణ్ణుంచే జారిపోయాయి. ఫోటో పెట్టి వెతికితే పెళ్లి సారె బుట్టలే వస్తున్నాయి, వాటికి ఈ గంటు లేదు. లోపలి గోడలకు పాత దూది పోగులు అంటుకుని ఉన్నాయి.

ఆ గంటు, ఆ దూది బట్టి దీన్ని మొదట దేనికోసం చేసి ఉంటారు?