టీవీ స్కిట్లా, స్టాండప్పా? హాస్యం రాయడం నేర్చుకునేవాళ్లకు ఏది మేలు?

రాతపని:
హాస్యం రాయాలనుకునే కుర్రాళ్లలో ఒక అభిప్రాయం బాగా పాతుకుపోయింది. టీవీలో వచ్చేది ఇంటిల్లిపాదికీ సరిపడేలా కారం తగ్గించిన వంట, అసలు దమ్మున్న కామెడీ స్టాండప్‌లోనూ (ఒక్కరే మైకు పట్టుకుని జనం ముందు చెప్పేది) యూట్యూబ్‌లోనూ ఉందని. పెద్దవాళ్లను అడిగితే దీన్ని తిరగేసి చెబుతారు: నలుగురితో కూర్చుని చూడలేనిది హాస్యమే కాదని. ఈ రెండు వాదనల్లోనూ నవ్వు ఎలా తయారవుతుందనే సంగతి కనిపించదు. రెండు వైపులా పని తెలిసినవాళ్లు చెప్పండి. ఏది మెరుగో తేల్చడానికి కొలత ఏమిటి? కొత్తగా రాసేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి? నిబంధనల పరంగా ఎక్కడ జాగ్రత్త పడాలి?

తెరవెనుక:
టీవీ కామెడీని అంతటినీ ఒకటిగా చూస్తే లెక్క తప్పుతుందండి. దూరదర్శన్ రోజుల్లో ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారి 'ఆనందో బ్రహ్మ' ఒక తరహా. జెమినీలో 2001 నుంచి 2007 దాకా నడిచిన 'అమృతం' పూర్తిగా వేరే తరహా. 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో మొదలైన 'జబర్దస్త్'తో వచ్చిన స్కిట్ల పోటీ మూడో తరహా. మూడూ ఇంట్లో అందరూ చూసే టీవీలో వచ్చినవే. రాసే పద్ధతులు మాత్రం ఒకదానితో ఒకటి కలవవు.

'అమృతం' సంగతి చూడండి. అమృతరావు పాత్రను శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ఒకరి తర్వాత ఒకరు వేశారు. ముఖ్యపాత్రలో నటుడు మారితే మామూలుగా సీరియల్ కుదేలవుతుంది. ఇది నిలబడింది, ఎందుకంటే నవ్వు నటుడి మొహం మీద కాకుండా పాత్ర స్వభావం మీద ఆధారపడి ఉంది. అమృతరావుకు తేలిగ్గా పైకొచ్చెయ్యాలన్న ఆశ. ఆంజనేయులు వద్దంటూనే వెంట నడుస్తాడు. ఈ ఇద్దరినీ ఏ పరిస్థితిలో పడేసినా సీను దానంతటదే నడుస్తుంది. అందుకని నేర్చుకునేవాళ్లు డైలాగు జోలికి పోకముందు ప్రతి పాత్రకూ రెండు వాక్యాలు రాసుకోవాలి: వీడికి ఇప్పుడు ఏం కావాలి, వీడి బలహీనత ఏమిటి. ఆ రెండు వాక్యాలు రాయలేకపోతే ఆ పాత్రను స్కిట్‌లోంచి తీసెయ్యడమే మంచిది.

స్కిట్ల పోటీకి వస్తే, అక్కడ అసలు ఇబ్బంది సమయం. ఒక టీముకు వారానికి పది నిమిషాల స్కిట్ అనుకుందాం. ఏడాదికి 520 నిమిషాల కొత్త సరుకు కావాలి. స్టాండప్‌లో బాగా కష్టపడే కమెడియన్‌కు ఏడాదికి ఒక గంట కొత్త మెటీరియల్ వస్తే గొప్ప. ఈ ఒత్తిడిలోనే అడ్డదారులు పుడతాయి: మగవాళ్ల లేడీ గెటప్పులు, ప్రాస పంచులు, సినిమా స్పూఫులు, తోటి నటుడి లావు మీదా పొట్టి మీదా రంగు మీదా మాటలు, డబుల్ మీనింగ్. వీటికి ముందు పునాది వెయ్యక్కర్లేదు, తెర మీద మనిషి కనిపించగానే పంచ్ వేసెయ్యొచ్చు. అందుకే ప్రతివారం అవే తిరిగొస్తాయి. రాసేవాళ్లకు చేతకాక కాదు, రాసింది మూడోసారి దిద్దుకునే వ్యవధి లేక. 'టీవీ అంటే శుభ్రమైన కామెడీ' అనే మాట కూడా ఇక్కడే వీగిపోతుంది.

ఎడిటింగ్‌లో ఇంకో నష్టం ఉంది. పంచ్ పడకపోతే జడ్జీలు నవ్వుతున్న షాట్ పెడతారు, కింద లాఫ్ ట్రాక్ (ముందే రికార్డు చేసిన నవ్వులు), ఒక సౌండ్ ఎఫెక్టు వేస్తారు. చూసేవాళ్లకు సాఫీగా వెళ్లిపోతుంది. రాసినవాడికి మాత్రం ఏ జోకు చచ్చిపోయిందో ఎప్పటికీ తెలియదు. కాబట్టి స్కిట్లు చూసి నేర్చుకునేటప్పుడు పంచ్ తర్వాత కెమెరా ఎక్కడుందో గమనించండి. నటుల మీదే ఉండి, వాళ్లు తర్వాతి డైలాగు కోసం నవ్వు తగ్గేదాకా ఆగారంటే అది నిజంగా పేలింది. వెంటనే జడ్జీల వైపు కోసేశారంటే అనుమానించాలి.

మైక్‌టెస్ట్:
తెరవెనుక గారు చెప్పిన చివరి సంగతే స్టాండప్‌కున్న అసలు బలం. ఓపెన్ మైక్‌లో, అంటే కొత్తవాళ్లు కూడా ఎక్కి చెప్పుకునే వేదిక మీద, నాలుగైదు నిమిషాలు ఇస్తారు. టైం అయిపోవస్తుంటే వెనక నుంచి లైటు చూపిస్తారు. జోకు పడకపోతే ఆ నిశ్శబ్దాన్ని కప్పడానికి ఎవరూ ఉండరు. ఫోన్‌లో ఆడియో రికార్డు చేసుకుని, ఇంటికెళ్లి నవ్వు వచ్చిన ప్రతిచోటా గీత పెట్టుకోవాలి. నిమిషానికి మూడు నాలుగు నవ్వులకు తగ్గితే సెటప్ (పంచ్‌కు ముందు చెప్పే సంగతి) పొడుగైందని అర్థం. ఒక వాక్యం తగ్గించి మళ్లీ చెప్పాలి. ఐదు నిమిషాల గట్టి సెట్టు (వరసగా చెప్పే జోకుల కట్ట) నిలబడటానికి నెలలు పడుతుంది. స్టాండప్‌లో నాణ్యత కనిపిస్తే అది ఈ వడపోత వల్లే, బోల్డుగా ఉండటం వల్ల కాదు.

ఒక జోకు తీసుకుని చూద్దాం. విషయం పదునైనదే: అద్దె ఇల్లు, కులం.

సెటప్: ఇల్లు చూపించి ఓనర్ గారు అడిగారు, 'మీరేమిట్లు?'
పంచ్: 'టూ బీహెచ్‌కే అండి.'
ట్యాగు (పంచ్ వెనకే వచ్చే కొసరు పంచ్): 'అది కాదు బాబూ, అసలు మీరేమిట్లు?' 'ఈస్ట్ ఫేసింగ్ అండి.'

ఇందులో ఏ కులం పేరూ లేదు, బూతు లేదు. దెబ్బ మాత్రం సూటిగా ఆ ప్రశ్న మీదే పడుతోంది. ఇదే జోకులో ఒక కులం పేరు పెట్టి, వాళ్ల అలవాట్ల మీద ఒక మాట కలపండి. వినడానికి ఇంకా ఘాటుగా ఉంటుంది, కానీ దెబ్బ ఓనర్‌ను వదిలేసి అద్దెకొచ్చినవాడి మీద పడుతుంది. ఎడ్జీ (హద్దుల అంచున ఉండే పదునైన కామెడీ) పేరుతో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఇలాంటివే. పదును విషయంలో ఉండాలి. మాటలో పెడితే రెండోసారి వినేసరికి ఉలికిపాటు పోతుంది, కింద ఇంకేమీ మిగలదు. పరీక్ష సులువు: బూతు తీసేసి అదే జోకు అదే తరహా జనానికి చెప్పండి. సగానికి పైగా నవ్వు నిలిస్తే జోకు ఉన్నట్టు.

తెలుగులో చెప్పేటప్పుడు ఇంకో చిక్కుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది. "'టూ బీహెచ్‌కే అండి' అని చెప్పాను" అంటే నవ్వు 'బీహెచ్‌కే' దగ్గర మొదలై, 'అని చెప్పాను' దాని మీద పడి తొక్కేస్తుంది. 'నేనన్నానూ...' అని ముందే అనేసి, చిన్న విరామం ఇచ్చి, పంచ్‌తో వాక్యం ముగించాలి. రాసుకున్న ప్రతి పేజీలో 'అన్నాడు', 'అంది', 'అని చెప్పాడు' వెతికి, వాటిని పంచ్ కంటే ముందుకు జరపండి. ఈ ఒక్క దిద్దుబాటుతోనే సెట్టు బిగుస్తుంది. స్కిట్‌లో ఈ గొడవ లేదు, పాత్రలే మాట్లాడతాయి కాబట్టి.

స్టాండప్ లోపం కూడా చెప్పాలి. హైదరాబాద్‌లో టికెట్ కొని వచ్చేవాళ్లలో ఎక్కువమంది పాతిక ముప్ఫై ఏళ్ల ఉద్యోగులు. ఆఫీసు, ట్రాఫిక్, డేటింగ్ యాప్‌ల జోకులు వాళ్ల ముందు తేలిగ్గా పేలతాయి. విజయనగరంలో యాభై ఏళ్ల మనిషికి అవే చెబితే సెటప్‌లోనే దారి తప్పుతాడు. ఎవరికైనా ఇరవై సెకన్లలో పరిస్థితి అర్థమయ్యేలా రాయడం టీవీ రచయితల దగ్గర నేర్చుకోవాల్సిన విద్య.

ఓరుగల్లు ముచ్చట:
యాస గురించి ఎవ్వరు మాట్లాడలే. చాన స్కిట్లల్ల ఒక్క పాత్రకే యాస పెడ్తరు, మిగిలినోళ్లంత పుస్తకాల భాష మాట్లాడ్తరు. గప్పుడు నవ్వు యాస మీదికే పోతది, ఆ మనిషి చెప్పిన ముచ్చట ఎవ్వరికి యాదుండది. బిత్తిరి సత్తి ఉన్నప్పటి వీ6 ఛానల్ తీన్మార్ వార్తలు జూడుండ్రి. యాంకర్ గూడ అదే యాస, బిత్తిరి సత్తి గూడ అదే యాస. అందరిదొకటే అయితే యాస మీద నవ్వు రాదు, ముచ్చట మీదనే వస్తది. కరెంటు, రోడ్లు, లీడర్లు అన్ని అండ్ల వడ్తయి. అది గూడ టీవీనే, ఇంటిల్లిపాది జూసేదే. టీవీల పదును ఉండదంటే నేనొప్పుకోను. మన తోలుబొమ్మలాటల రామాయణం నడుమ కేతిగాడు, బంగారక్క వచ్చి మాట్లాడుకునేటియి ఇప్పటి స్టాండప్‌లకంటె నాటుగుంటుండె. ఊరు ఊరంత పిల్లజెల్లతోని కూసోని జూసేటోళ్లు.

నిబంధనావళి:
మూడో ప్రశ్నకు నా సమాధానం.

టీవీకి 1994 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నిబంధనల్లో 6వ నిబంధన వర్తిస్తుంది, ప్రోగ్రామ్ కోడ్ అంటారు. అసభ్యత, మతాల మీద దాడి, పరువునష్టం, స్త్రీలను కించపరచడం అన్నీ అందులో ఉన్నాయి. భాషా, ప్రాంతీయ సమూహాలను చులకనగా చూపడం కూడా నిషిద్ధాల్లో ఉంది. అంటే ఓరుగల్లు ముచ్చట గారు చెప్పిన యాస ఎగతాళి కాగితం మీద నిబంధనకు విరుద్ధమే. వినోద ఛానళ్ల మీద ఫిర్యాదులకు 2011 నుంచి బీసీసీసీ అనే స్వీయ నియంత్రణ మండలి ఉంది.

ఓటీటీకి 2021 ఐటీ నిబంధనల ప్రకారం వయసు వర్గీకరణ తప్పనిసరి: యూ, యూ/ఏ 7+, 13+, 16+, ఏ. యూట్యూబ్‌లో సొంతంగా పెట్టుకునే వీడియోకు ఆ వర్గీకరణ లేదు, ఆ వేదిక సొంత నియమాలే ఉంటాయి.

వేదిక మీది స్టాండప్‌కు ప్రోగ్రామ్ కోడ్ వర్తించదు. అంతమాత్రాన స్వేచ్ఛ ఎక్కువనుకోవద్దు. మతభావాలను ఉద్దేశపూర్వకంగా గాయపరిస్తే పాత ఐపీసీ 295ఏ, 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 299 సెక్షన్. సమూహాల మధ్య వైరం పెంచితే పాత 153ఏ, ఇప్పుడు 196. టీవీలో తప్పు జరిగితే ముందు ఛానల్‌కు నోటీసు వస్తుంది. స్టాండప్‌లో కేసు నేరుగా మైకు పట్టుకున్న మనిషి మీద పడుతుంది. 2021 జనవరి 1న ఇందోర్‌లో స్టాండప్ కమెడియన్ మునావర్ ఫారూఖీని అరెస్టు చేశారు, ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిల్ ఇచ్చేదాకా జైల్లోనే ఉన్నాడు. 2022 ఆగస్టు 20న హైదరాబాద్ శిల్పకళావేదికలో అతని షో భారీ పోలీసు బందోబస్తు మధ్య జరిగింది. కొత్తవాళ్లు ఆచరణలో గుర్తుంచుకోవాల్సింది క్లిప్పు గురించి. గదిలో ముందు చెప్పిన ఐదు నిమిషాలు లేకుండా ముప్ఫై సెకన్ల ముక్క బయటికి వెళుతుంది. ఆ ముక్క ఒక్కటే చూసినా దెబ్బ ఎవరి మీదో తెలిసేలా పంచ్‌లోనే లక్ష్యం పేరు ఉండాలి. వ్యంగ్యంగా చెడ్డవాడి గొంతుతో మాట్లాడే జోకులు ఇక్కడే ఎక్కువగా దెబ్బతింటాయి.

రాతపని:
అందరికీ ధన్యవాదాలు. మైక్‌టెస్ట్ గారి ఓనర్ జోకునే పది నిమిషాల స్కిట్ చేయాలంటే ఎలా పెంచాలి? అదే ప్రశ్నను పదిసార్లు అడిగిస్తే విసుగొస్తుంది కదా?

తెరవెనుక:
పదిసార్లు అడిగిస్తే విసుగే. మూడుసార్లు చాలు, నాలుగోసారి దిశ మారాలి.

పాత్రలు మూడు. ఓనర్‌కు అద్దె కావాలి, కానీ కులం తెలియకుండా నిద్ర పట్టదు, సూటిగా అడిగే ధైర్యమూ లేదు. అద్దెకొచ్చినవాడికి ఇవాళే ఇల్లు కావాలి, సామాను ఆటోలో ఉంది. ఓనర్ భార్యకు ఇల్లు ఖాళీగా ఉండటం ఇష్టం లేదు. మొదటి నిమిషంలోనే ఈ ముగ్గురి అవసరాలూ తెలిసిపోవాలి. తర్వాత ఓనర్ ప్రశ్న రూపం మారుస్తూ పోతాడు: ఇంటిపేరు, తినేది ఏమిటి, పెళ్లికి ఎవరు మంత్రాలు చదివారు. ప్రతి ప్రశ్నకూ కుర్రాడి జవాబు నిజాయితీగానే ఉండాలి, తెలివి ప్రదర్శించకూడదు. అతను తెలిసి ఆడుకుంటున్నట్టు కనిపిస్తే జనం ఓనర్ వైపు జాలిపడతారు.

ఏడో నిమిషం దగ్గర ఓనర్ కొడుకు బెంగళూరు నుంచి ఫోన్ చేస్తాడు, స్పీకర్‌లో. ఇల్లు కుదిరేలా ఉంది, అక్కడి ఓనర్ మీతో మాట్లాడతానంటున్నాడని. ఆ గొంతు 'మీరేమిట్లు?' అనే అడుగుతుంది. మన ఓనర్ నీళ్లు నమిలి, 'టూ బీహెచ్‌కే అండి' అంటాడు. స్కిట్ అక్కడే కొయ్యాలి. సందేశం ఇవ్వాలన్న కోరికతో భార్య చేత ఒక నీతి డైలాగు చెప్పించడం ఇలాంటి స్కిట్లలో మామూలుగా జరిగే తప్పు, అది అప్పటిదాకా పోగుచేసిన నవ్వును తుడిచేస్తుంది.

ఒక హెచ్చరిక: ఓనర్ వేషం వేసినవాడికి నత్తి, బట్టతల విగ్గు, వింత నడక పెట్టొద్దు. పెట్టారంటే జనం ఆ వేషాన్ని చూసి నవ్వుతారు, ప్రశ్న తప్పించుకుంటుంది. మామూలు చొక్కా, కళ్లజోడు, చేతిలో తాళాల గుత్తి. అంతే.