ఫైర్‌వాల్ లాగ్ సైజ్ చూసి తిప్పాలా, రోజు చూసి తిప్పాలా?

రుషికొండ_రూట్: మధురవాడలో చిన్న ఆఫీసు మాది, ఉన్నది ఒక్క ఉబుంటు సర్వర్, ఐపీటేబుల్స్ (లినక్స్ ఫైర్‌వాల్) లాగ్, అంటే ట్రాఫిక్ చిట్టా, వేరే ఫైల్లో పడేలా పెట్టుకున్నాం. పోయిన నెల ఆ ఫైల్ ఉబ్బిపోయి డిస్క్ నిండి డేటాబేస్ కూడా పడుకుంది. దాంతో లాగ్‌రొటేట్‌లో (లాగ్‌ని తిప్పే, అంటే పాత ఫైల్ పక్కన పెట్టి కొత్తది మొదలెట్టే ప్రోగ్రామ్) సైజ్ 100 ఎంబీ, రొటేట్ 7 (పాత ఫైళ్లు ఏడే ఉంచు అని) పెట్టి, క్రాన్‌లో (టైముకి పనులు నడిపేది) గంటగంటకీ నడిపిస్తున్నా, ఇప్పుడు హాయిగా ఉంది. మా సీనియర్ మాత్రం డైలీయే పెట్టాలంటాడు. ఏటంటారు?

గాజువాక_గురూ: సీనియర్ మాటే రైటు. నీ దగ్గరున్నది 700 ఎంబీ చరిత్ర, అంతే కదా. మామూలప్పుడు అది నెల్లాళ్లు వస్తుందేమో గానీ ఎవడో రాత్రంతా పోర్టులు గోకుతూ (సర్వర్‌లో ఏ దారి తెరిచుందో వెతుకుతూ) కూర్చున్నాడనుకో, తెల్లారేసరికి ఏడు ఫైళ్లూ వాడి చెత్తే, వాడు మొదటిసారి ఎప్పుడొచ్చాడో చెప్పే లైన్ ఎప్పుడో కొట్టుకుపోయింది. ఎన్ని రోజుల లాగ్ మిగలాలో వాడే డిసైడ్ చేస్తున్నాడు గురూ, దొంగ చేతికి తాళాలిచ్చినట్టు.

సిరిపురం_షెల్: బాగానే చెప్పావు గానీ ఉత్త డైలీ పెడితే మధ్యాహ్నం మొదలైన వరద అర్ధరాత్రి దాకా ఆగుతుందా? సాయంత్రానికే డిస్క్ ఫుల్. లాగ్ భద్రంగా ఉంది, సర్వర్ లేదు, ఏం చేసుకుంటావు? ముందు ఐపీటేబుల్స్‌లో లిమిట్ (ఇంత టైములో ఇన్ని లైన్లే రాయాలని) పెట్టండి, అసలు రాసేదే తగ్గుతుంది.

గాజువాక_గురూ: ఉత్త లిమిట్ అందరికీ కలిపి ఒకటే లెక్క అన్నా, స్కాన్ చేసేవాడు కోటా అంతా తినేస్తే పక్కనుంచి మెల్లగా వచ్చేవాడు లాగ్‌లోనే పడడు. హ్యాష్‌లిమిట్ వాడి ఒక్కో ఐపీకి విడిగా పెట్టాలి. ఇంకోటి, సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో లాగ్‌లు 180 రోజులు ఉంచాలని ఉంది. యూఎఫ్‌డబ్ల్యూతో (ఉబుంటులో ఫైర్‌వాల్‌ని తేలిగ్గా నడిపే టూల్) వచ్చే డిఫాల్ట్ వారానికోటి, 4 ఫైళ్లు, అంటే దాదాపు నెల్లాళ్లే వస్తుంది. రేపు ఎవరైనా అడిగితే భోగి మంటలో వేశామని చెప్తామా?

బీచ్‌రోడ్_బీఎస్‌డీ: పీఎఫ్ (బీఎస్‌డీ సిస్టమ్‌ల ఫైర్‌వాల్) వాడేవాళ్లకి ఒక్క ముక్క, దాని లాగ్ పీఎఫ్‌లాగ్ టెక్స్ట్ కాదు, బైనరీ ఫైలు, న్యూసిస్‌లాగ్ (అక్కడ లాగ్ తిప్పే ప్రోగ్రామ్) లైన్లో బి ఫ్లాగ్ తీసెయ్యొద్దు, తీస్తే రొటేట్ అయిందని టెక్స్ట్ లైను ఒకటి ఫైల్లో రాసేస్తుంది, తర్వాత ఆ లాగ్ చదివే టీసీపీడంప్‌తో చదవలేక చస్తారు.

సిరిపురం_షెల్: సరే, 180 రోజుల సంగతి ఒప్పుకున్నా. అప్పుడు డైలీతో పాటు మ్యాక్స్‌సైజ్ (రోజు గడవకున్నా ఈ సైజ్ దాటితే తిప్పు అని) పెట్టు, రొటేట్ లెక్క పెద్దది ఇచ్చి పాతవి తీసే పని మ్యాక్స్‌ఏజ్‌కి (ఇన్ని రోజులు దాటినవి తీసెయ్ అని) వదిలెయ్, క్రాన్ గంటకోసారే ఉండనీ. లాగ్‌కి వేరే పార్టిషన్ (డిస్క్‌లో విడి భాగం) మాత్రం ఇవ్వాల్సిందే, అది నిండినా డేటాబేస్ జోలికి రాదు.

రుషికొండ_రూట్: అలాగే పెట్టా, పార్టిషన్ కూడా ఇచ్చా. కానీ ఇవాళ పొద్దున ఒకసారి తిరిగింది, మధ్యాహ్నం మళ్లీ నిండినా తిరగట్లేదే, ఆ పేరుతో ఫైల్ ఆల్రెడీ ఉందంటోంది.

గాజువాక_గురూ: డేట్‌ఎక్స్‌ట్ (తిప్పిన ఫైల్ పేరుకి తేదీ తగిలించేది) పెట్టావు కదూ. పేరులో తేదీ ఒక్కటే ఉంటే రోజుకి రెండో ఫైలుకి చోటేదీ? ఆ తేదీ ఎలా రాయాలో చెప్పే డేట్‌ఫార్మాట్‌లో గంట కూడా కలుపు.