కల్కి రెండో భాగం కథనం: మీ ఆశలు, మీ భయాలు ఏమిటి?

ప్రశ్న: గోదావరి_గట్టు

నాగ్ అశ్విన్ దర్శకత్వంలో 2024 జూన్ 27న విడుదలైన 'కల్కి 2898 ఏడీ' అసలు ఘట్టం మొదలయ్యే చోటే ఆగిపోయింది. ఒక్క చుక్క సీరంతో యౌవనం తిరిగి పొందిన ప్రతినాయకుడు, కాంప్లెక్స్ అనే ఆకాశనగరపు పాలకుడు సుప్రీం యాస్కిన్ గాండీవాన్ని చేతబట్టాడు. కర్ణుని పునర్జన్మ అయిన కథానాయకుడు భైరవ చేతిలో అశ్వత్థామ కర్ర కర్ణుని విజయధనుస్సుగా మారింది. కల్కికి తల్లి కాబోతున్న సుమతి కడుపులోని బిడ్డ మాత్రం ఇంకా పుట్టనేలేదు. ఇక్కడి నుంచి రచయితలు కథను ఏ దారిన నడపాలని మీరు కోరుకుంటున్నారు, ఏ దారిన నడుపుతారేమోనని భయపడుతున్నారు అన్నదే నా ప్రశ్న.

నా భయం ముందు చెబుతాను. చివరి పది నిమిషాల్లో రెండు విల్లులనూ చూపించారు కాబట్టి, రెండో భాగమంతా ఆ రెండు విల్లుల మధ్య పోరాటంగా మారిపోతుందేమోనని నాకు దిగులుగా ఉంది. థియేటర్లో ఈలలు పడేది అక్కడే అని తెలిసిన నిర్మాతలకు ఆ ఆకర్షణను తట్టుకోవడం కష్టం. కానీ తొలి భాగాన్ని నిలబెట్టింది విల్లులు కావని నా నమ్మకం. ఒకనాడు ఉత్తర గర్భంలోని శిశువు మీద అస్త్రం సంధించినవాడే ఇప్పుడు మరొక తల్లి గర్భంలోని శిశువుకు కాపలాగా నిలబడ్డాడు. ఇంతకంటే బలమైన కథావస్తువు మన సైన్స్ ఫిక్షన్ చిత్రాల్లో నాకు గుర్తున్నంతలో లేదు.

అందుకే నా ఆశ కూడా అశ్వత్థామ చుట్టూనే తిరుగుతుంది. సౌప్తిక పర్వంలో అతడు చేసింది ఒక్క అస్త్ర ప్రయోగం మాత్రమే కాదు. అర్ధరాత్రి పాండవ శిబిరంలో చొరబడి, నిద్రిస్తున్న ధృష్టద్యుమ్నుణ్ణీ ద్రౌపది అయిదుగురు కొడుకులనూ చంపాడు. తొలి భాగం ఈ రాత్రిని దాటవేసి నేరుగా శాపం దగ్గరికి వచ్చింది. అమితాబ్ బచ్చన్ గారి ముఖంలో ఆ పశ్చాత్తాపం కనిపిస్తూనే ఉంది గానీ, దాని బరువెంతో ప్రేక్షకుడికి తెలియాలంటే రెండో భాగం ఆ రాత్రిని దాచకుండా చూపించాలి. మీరేమంటారు?

జవాబు: సౌప్తికం

గోదావరి_గట్టు గారూ, అశ్వత్థామ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే కర్ణుణ్ణి ఈలల కోసం పెట్టిన పాత్రగా తీసివేయవద్దని నా మనవి. చిత్రం విడుదలైన రోజుల్లో కర్ణుడు గొప్పా అర్జునుడు గొప్పా అని జరిగిన వాదం చాలా మందికి విసుగు పుట్టించింది. నిండు సభలో ద్రౌపదిని అవమానించిన కర్ణుణ్ణి మరచిపోయి, కేవలం విధివంచితుడిగానే అతణ్ణి చూపడం వ్యాసుని మీద అన్యాయమే. రెండో భాగంలో ఆ పొరపాటు మరింత పెరుగుతుందేమోనని నాకూ భయంగానే ఉంది.

కానీ మూలగ్రంథంలో కర్ణునికీ అశ్వత్థామకూ మధ్య ఉన్న సంబంధం ఎంత చిక్కనైనదో చూడండి. ఉత్తర గోగ్రహణ సమయంలో కర్ణుని ప్రగల్భాలను అశ్వత్థామ అందరి ముందూ ఎండగడతాడు. ద్రోణ పర్వంలో తన మేనమామ కృపాచార్యుణ్ణి కర్ణుడు కించపరిస్తే కత్తి దూసి మీదికి వెళతాడు, దుర్యోధనుడు అడ్డుపడవలసి వస్తుంది. అదే అశ్వత్థామ ద్రోణుని మరణం తరువాత కర్ణుణ్ణి సేనాపతిని చేయమని తానే సూచిస్తాడు. చివరికి కర్ణార్జునులు తలపడుతున్న వేళ, ఇక యుద్ధం చాలించి సంధి చేసుకొమ్మని దుర్యోధనుని చేయి పట్టుకొని బ్రతిమాలుతాడు. గౌరవం, కోపం, విధేయత, అలసట అన్నీ కలిసిన బంధం అది. తొలి భాగం 'ఆచార్యపుత్రా' అన్న ఒక్క పిలుపుతో దీన్నంతటినీ స్ఫురింపజేసి వదిలిపెట్టింది. భైరవకు తాను ఎవరో గుర్తు లేదు, అశ్వత్థామ మాత్రం అన్నీ గుర్తుపెట్టుకొని వేల ఏళ్ళు బతికాడు. వీరిద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడించగలిగితే అదే ఈ చిత్రానికి గొప్ప సన్నివేశమవుతుంది.

ఇంకొక ముడి కూడా ఉంది. కర్ణ పర్వంలో కర్ణుడు తన విజయధనుస్సు పరశురాముడు ఇచ్చినదని చెప్పుకుంటాడు. అవసరానికి అస్త్రవిద్య మరచిపోతావని అతణ్ణి శపించినవాడూ ఆ గురువే. కల్కి పురాణంలో కల్కికి విద్యలు నేర్పే గురువు కూడా పరశురాముడే. చిరంజీవుల్లో ఒకణ్ణి ఇప్పటికే ముఖ్యపాత్రగా చేసుకున్న కథలోకి మరొక చిరంజీవి ప్రవేశిస్తే, శపించిన గురువు, శాపగ్రస్తుడైన శిష్యుడు, రాబోయే శిష్యుడు ముగ్గురూ ఒకే చోటికి చేరతారు. రచయితలు ఈ అవకాశాన్ని వదులుకోరనే ఆశిస్తున్నాను. ఏడుగురు చిరంజీవులనూ వరసగా దింపి ఒక్కొక్కరికి ఒక పోరాటం పంచిపెట్టే పని మాత్రం చేయకూడదు.

జవాబు: శూన్యాకాశం

నా దృష్టి పురాణం మీద కంటే సైన్స్ ఫిక్షన్ మీద ఉంది. ఈ మాధ్యమానికి కొన్ని నియమాలున్నాయి. రచయిత ఏ లోకాన్నైనా సృష్టించుకోవచ్చు, కానీ ఆ లోకంలో ఏది సాధ్యమో ఏది అసాధ్యమో ఒకసారి చెప్పాక ఆ మాట మీద నిలబడాలి. గంగ ఎండిపోయిన కాశీ, ఆకాశంలో తలకిందుల పిరమిడ్‌లా వేలాడే కాంప్లెక్స్, యూనిట్ల కోసం (అక్కడి డబ్బు అదే) వేట సాగించే జనం: ఈ నిర్మాణం నాకు ఎంతో నచ్చింది. కాని ఆ లోకం ఎలా నడుస్తుందో అర్థం కాలేదు. కాంప్లెక్స్‌కు నీరు, పచ్చదనం ఎక్కడి నుంచి వస్తున్నాయి? కింద ఉన్నవారి శ్రమతో పైవారికి ఒనగూడుతున్నది ఏమిటి? యూనిట్లు సంపాదించి పైకి వెళ్ళాలన్నది భైరవ జీవిత లక్ష్యం కాబట్టి, ఈ ఆర్థిక వ్యవస్థ తెలియకపోతే అతని మనసు మారడం కూడా మనకు తాకదు.

'ప్రాజెక్ట్ కె' సంగతీ అంతే. గర్భవతుల నుంచి తీసిన ద్రవంతో ఒక మనిషి ఆయుష్షును పొడిగిస్తున్నారన్నది భయంకరమైన ఊహ, మంచి సైన్స్ ఫిక్షన్ ఊహ కూడా. ఒక్క చుక్కకే యాస్కిన్ అంత మారిపోయాడంటే, ఆ బిడ్డలో ఉన్నది జన్యువులకు సంబంధించిన విశేషమా, లేక దైవత్వమా? రెండూ ఒకటేనని చెప్పాలనుకుంటే ఆ మాటనైనా కథ ధైర్యంగా చెప్పాలి. సందర్భాన్ని బట్టి ఒకసారి ప్రయోగశాలనూ మరొకసారి మహిమనూ అడ్డుపెట్టుకుంటే ప్రేక్షకుడికి దేని మీదా నమ్మకం కుదరదు. గాండీవం విషయం కూడా తేల్చవలసిందే. మహాప్రస్థానిక పర్వంలో అగ్నిదేవుడు అడగగా అర్జునుడు దాన్ని సముద్రజలాల్లో విడిచి వరుణునికి తిరిగి ఇచ్చేస్తాడు. అలాంటి ఆయుధం కాంప్లెక్స్‌కు ఎలా చేరింది? సముద్రాలే ఇంకిపోయిన కాలంలో అది బయటపడిందని చెబితే, పురాణమూ పర్యావరణ విధ్వంసమూ ఒకే కారణంగా కలిసిపోతాయి. నేను రచయితనైతే ఆ దారే పట్టేవాణ్ణి.

సంవత్సరం లెక్క కూడా ఆలోచించదగ్గదే. కలియుగం క్రీస్తు పూర్వం 3102లో మొదలైందన్న సంప్రదాయ గణన ప్రకారం, క్రీస్తు శకం 2898 నాటికి సుమారు 6000 ఏళ్ళవుతుంది. పురాణాలు కలియుగానికి చెప్పే పరిమాణం 4,32,000 ఏళ్ళు. అంటే ఈ కథలో కల్కి ఎంతో ముందుగానే రాబోతున్నాడు. దీన్ని తప్పుగా నేను చూడడం లేదు. మనిషి తన అత్యాశతో యుగాంతాన్ని తానే తొందరపెట్టుకున్నాడని ఒక్క సన్నివేశంలో చెప్పగలిగితే, ఆ తేడాయే చిత్రానికి బలమవుతుంది.

జవాబు: నీలిమేఘం

పై మూడు అభిప్రాయాలనూ శ్రద్ధగా చదివాను. అన్నిటిలోనూ సుమతి ఎవరో ఒకరు కాపాడవలసిన గర్భంగానే కనిపించింది. నా భయమంతా అక్కడే ఉంది.

రెండో భాగంలో దీపికా పదుకొణె ఉండబోరని వైజయంతీ మూవీస్ 2025 సెప్టెంబరులో ప్రకటించింది. ఎవరిది తప్పు అన్న చర్చలోకి నేను వెళ్ళను. ఆ పాత్రను ఏం చేస్తారన్నదే నా బాధ. మరొక నటిని తీసుకోవడం ఒక మార్గం, అది నాకు సమ్మతమే. రెండో మార్గం, బిడ్డ పుట్టగానే తల్లి మరణించిందని చెప్పి కథను కొన్నేళ్ళు ముందుకు నెట్టడం. అదే జరిగితే తొలి భాగం ఏ దుర్మార్గాన్ని ఖండించిందో ఆ దుర్మార్గాన్ని రచయితలే చేసినట్లవుతుంది. స్త్రీని గర్భం మేరకు వాడుకొని పారవేసేది ప్రాజెక్ట్ కె. ప్రయోగశాల పెట్టిన సమ్-80 అన్న సంఖ్య పోయి సుమతి అన్న పేరు వచ్చినప్పుడు, మంటల్లోంచి ఆమె నడిచి వచ్చినప్పుడు మనం అంతగా కదిలిపోవడానికి కారణం, సంఖ్య ఒక మనిషిగా మారడమే. పురాణంలో కల్కి తల్లి పేరు సుమతి అని, తండ్రి విష్ణుయశుడని ఉంది కాబట్టి ఆమె కోసం వెతికి పెట్టిన పేరే అది. పేరు పెట్టి వదిలేస్తే చాలదు.

ప్రయోగశాలకు రాకముందు ఆమె ఎవరు? ఈ బిడ్డను ఆమె కోరుకున్నదా? తిరుగుబాటుదారుల రహస్య స్థావరమైన శంబల జనమంతా 'అమ్మ' అని చేతులు జోడిస్తుంటే ఆమెకు కలిగేది ఆనందమా, భయమా? తొలి భాగంలో ఆమెకు మాటలు చాలా తక్కువ. శోభన గారు పోషించిన మరియమ్, అన్నా బెన్ పోషించిన కైరా తక్కువ నిడివిలోనే గుర్తుండిపోయారంటే, వారికి ఒక నిర్ణయం తీసుకునే అవకాశం దక్కింది కాబట్టి. సుమతికి కూడా అటువంటి నిర్ణయం ఒకటి కావాలి. తన బిడ్డను అవతారపురుషుడిగా కాకుండా మామూలు బిడ్డగా పెంచుకోవాలని ఆమె అడిగితే, అశ్వత్థామ ఏం సమాధానం చెబుతాడు? గోదావరి_గట్టు గారు కోరుకున్న పశ్చాత్తాపానికి అసలైన పరీక్ష ఆ ప్రశ్నే అవుతుంది.

జవాబు: రెండో_ఆట

నాది చిన్న అభిప్రాయం. తొలి భాగం మొదటి సగంలో భైరవ హాస్య సన్నివేశాలూ, ఒకరి తరువాత ఒకరుగా వచ్చి వెళ్ళిన అతిథి పాత్రలూ కథ వేగాన్ని బాగా దెబ్బతీశాయి. లోకాన్ని పరిచయం చేసే బాధ్యత ఇక లేదు కాబట్టి, రెండో భాగం మొదటి సన్నివేశం నుంచే కథలోకి దిగాలి. తెలుగులో ఈ తరహా కథకు 1991లోనే 'ఆదిత్య 369'తో సింగీతం శ్రీనివాసరావు గారు దారి వేశారు. టైమ్ మెషీన్‌లో కృష్ణదేవరాయల కాలానికీ భవిష్యత్తుకూ తీసుకువెళ్ళినా, కథ ఎక్కడా ప్రేక్షకుడి చేయి వదలలేదు. ఆయన సలహాలు ఈ ప్రాజెక్టుకు తొలి దశలో అందాయని విన్నప్పుడు ఎంతో సంతోషించాను. ఆ స్పష్టత రెండో భాగం స్క్రిప్టులో కనిపించాలని కోరుకుంటున్నాను. బుజ్జి మాత్రం ఉండాలి, భైరవకు నిజం చెప్పగలిగేది ఆ వాహనం ఒక్కటే.

గోదావరి_గట్టు (ప్రశ్న అడిగినవారు)

నీలిమేఘం గారూ, మీ ప్రశ్న చదివాక అశ్వత్థామ ప్రతిజ్ఞను నేను మరొక విధంగా చూస్తున్నాను. అతడు కాపాడుతున్నది కృష్ణుడు చెప్పిన బిడ్డనా, ఎదురుగా ఉన్న తల్లినా అన్న సంఘర్షణ వస్తే, వేల ఏళ్ళ శాపానికి కూడా కొత్త అర్థం వస్తుంది. శంబలలో ఆ సన్నివేశం జరగాలని ఇప్పుడు నేనూ కోరుకుంటున్నాను.

ఇక్కడ ఎవరూ వివరంగా చర్చించని యాస్కిన్ గురించి ఒక మాట. కమల్ హాసన్ గారు తొలి భాగంలో కనిపించింది కొద్దిసేపే అయినా, చివర ఆయన నోట శ్రీశ్రీ 'జగన్నాథుని రథచక్రాలు' వినిపించగానే నేను ఉలిక్కిపడ్డాను. పతితుల కోసం, భ్రష్టుల కోసం, బాధలు పడేవారి కోసం రాసిన కవిత అది. దాన్ని, బాధపెట్టేవాడు తన రాకను చాటుకోవడానికి వాడుకుంటున్నాడు. ఇది కావాలని చేసిన పని అయితే గొప్ప ఆలోచన. తాను లోకాన్ని ఉద్ధరిస్తున్నానని యాస్కిన్ నిజంగా నమ్ముతున్నాడని, మనిషి మీద నమ్మకం పోయినవాడి వాదం అతని దగ్గర ఉందని అర్థం. ఆ వాదాన్ని రెండో భాగం పూర్తిగా వినిపించాలి. గాండీవం ఎక్కుపెట్టడానికి ముందు అతడు భైరవతోనో సుమతితోనో తర్కించాలి, ఆ తర్కంలో కొంతైనా మనల్ని ఇరకాటంలో పెట్టాలి. అదే కవిత, కింద ఉన్న కాశీ వీధుల్లో నీళ్ళ కోసం పాకులాడే జనం నోట కూడా వినిపిస్తే, అది ఎవరికి చెందినదో యుద్ధానికి ముందే తేలిపోతుంది.

సౌప్తికం గారూ, పరశురాముని ముడి గురించి మీరు చెప్పింది నాకు ఎంతో నచ్చింది. అయితే శాపం ఇచ్చిన గురువును చూసినప్పుడు భైరవకు గతం గుర్తుకు రావాలా, అక్కరలేదా? అతనికి ఏదీ గుర్తు రాకుండానే కర్ణుడు చేయని పనిని చేయాలని, అధర్మం పక్షాన నిలబెట్టే స్నేహాన్ని ఈసారి తనంతట తానే కాదనాలని నా అభిప్రాయం. మీ ఆలోచన కూడా తెలపండి.

జవాబు: సౌప్తికం

గుర్తుకు రావాలనే నేనంటాను. ఏమీ తెలియకుండా మంచి వైపు నడిచినవాడికి కర్ణుని పేరు అవసరం లేదు. దుర్యోధనుని ఋణం, సభలో తాను అన్న మాటలు, భూమిలో దిగబడిన రథచక్రం అన్నీ గుర్తుకొచ్చిన తరువాత కూడా, యాస్కిన్ ఇస్తానన్న కాంప్లెక్స్ వైభవాన్ని అతడు తిరస్కరించాలి. అంగరాజ్యం ఇచ్చినవాడి వెంట ఒకప్పుడు నడిచినవాడు కాబట్టి, ఆ తిరస్కారానికి విలువ అక్కడే వస్తుంది.