తిరుపతిలో ఉండి ఎస్పెరాంటో మాట్లాడటం ఎలా?

అలిపిరి_మెట్లు:
ఎస్పెరాంటో (వేర్వేరు దేశాలవాళ్లు మాట్లాడుకోవడానికి తయారుచేసిన భాష) పాఠాలు యాప్‌లో అయిపోయాయి. చదివితే అర్థమవుతుంది గానీ నోరు పెగలడం లేదు. ఊళ్లో ఈ భాష మాట్లాడేవాళ్లు ఎవరూ కనపడలేదు. ఇంట్లోనే ఉండి రోజంతా భాషలో మునిగే దారి ఎవరికైనా దొరికిందా? వ్యాకరణం పుస్తకాలు మాత్రం చెప్పొద్దండి.

కుప్పం_కుర్రోడు:
అన్నా, యాప్‌తో వచ్చే చిక్కే అది. డ్యుయోలింగోలో 2015లో వచ్చిన కోర్సు ఇంగ్లీషు మీదుగా నడుస్తుంది. తెలుగు నుంచి ఇంగ్లీషుకు, అక్కడి నుంచి ఎస్పెరాంటోకు, రెండు బస్సులు మారాలి. ‘మాజీ ఎన్ గొండొలాండో’ వీడియోలు చూడు. పిల్లలకు ఇంగ్లీషు నేర్పడానికి బీబీసీ వాళ్లు తీసిన కార్టూన్‌కు ఎస్పెరాంటో రూపం. అనువాదం ఉండదు, బొమ్మ చూసి పట్టుకోవాల్సిందే. తర్వాత క్లోద్ పిరోన్ రాసిన ‘గెర్డా మాలాపెరిస్’ నవల చదువు. కొత్త మాటలు కొద్దికొద్దిగా వస్తాయి, కథ ఆపనివ్వదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ను కూడా ఎస్పెరాంటోలోకి మార్చుకో. అది చిన్న సంగతే, కానీ రోజూ కళ్ల ముందు ఉంటుంది.

పుత్తూరు_టీచర్:
మన ఊళ్లో సంస్కృత సంభాషణ శిబిరాలు చూశారా? మొదటి రోజు నుంచే సంస్కృతంలో మాట్లాడిస్తారు. ఎస్పెరాంటోలో ఆ పని 1920లలోనే ఆంద్రేయో చే అనే కతోలిక్ ఫాదర్ చేశారు. విద్యార్థుల చేతికి పుస్తకం ఇచ్చేవారు కాదు. వస్తువు చూపించి ప్రశ్న వేసేవారు, తరగతి మొత్తం కలిసి జవాబు చెప్పేది. గుంపులో చెప్పేటప్పుడు ఎవరికీ సిగ్గుండదు, అసలు కిటుకు అక్కడే ఉంది. ఒంటరిగా ఉన్నవాళ్లు వంటింట్లో గ్లాసు పట్టుకుని "కియో ఎస్తాస్ తియో?" (అదేంటి?) అని అడిగి, "తియో ఎస్తాస్ గ్లాసో" (అది గ్లాసు) అని పైకి చెప్పుకోవచ్చు. ఇంట్లోవాళ్లు చూసే చూపు సంగతి నేను చెప్పలేను.

చిత్తూరు_కోట:
టీచర్ గారూ, గ్లాసుతో ఎంతసేపని మాట్లాడతామండీ? గ్లాసు తిరిగి ప్రశ్న వేయదు కదా! మనుషులు కావాలి. ‘అమికుము’ యాప్ దగ్గర్లో ఉన్నవాళ్లను దూరం లెక్కన చూపిస్తుంది. నాకు చూపించినవాళ్లంతా బెంగళూరు, చెన్నై వైపే. వాళ్లతో టెలిగ్రామ్‌లో వాయిస్ మెసేజ్‌లు మొదలుపెట్టాను. ఫోన్ కాల్ అంత టెన్షన్ ఉండదు, ఆలోచించుకుని పంపొచ్చు. ఇంకో దారి ‘పాస్పోర్తా సెర్వో’. ఎస్పెరాంటో వచ్చిన ప్రయాణికులకు ఇంట్లో ఉచితంగా బస ఇచ్చేవాళ్ల జాబితా, 1974 నుంచి ఉంది. మనం పేరు ఇస్తే భాషే ఇంటికి నడిచొస్తుంది. అమ్మ ఒప్పుకోవాలి, అంతే.

పుత్తూరు_టీచర్:
వాయిస్ మెసేజ్ మంచిదే బాబూ, కాదనను. కానీ ముందు విని, వెంటనే పలికే అలవాటు లేకపోతే మన తెలుగు వాక్యమే అందులోకి దూరుతుంది. మన ‘ను’ లాంటిదే ఎస్పెరాంటోలో మాట చివర వచ్చే ‘న్’. "కుక్కను చూశాను" అంటాం కాబట్టి "హుందోన్" (కుక్కను) దగ్గర ‘న్’ సులువుగా వస్తుంది. "పుస్తకం చదివాను" అనేటప్పుడు మనకు ‘ను’ రాదు, అందుకే "లిబ్రోన్" (పుస్తకాన్ని) దగ్గర ‘న్’ మింగేస్తాం. "మంచి పుస్తకాలు"లో ‘మంచి’ మారదు, అక్కడేమో "బోనాయ్ లిబ్రోయ్", రెండు మాటలకూ బహువచనం ‘య్’ తగిలించాలి. ఈ రెండూ నియమం చదివితే పోవు. పాడ్‌కాస్ట్ పెట్టుకుని, ఒక్కో వాక్యం ఆపి, అదే వేగంతో అనాలి.

అలిపిరి_మెట్లు:
కార్టూన్ ఈ రాత్రికే మొదలుపెడతా. ఆదివారం సాయంత్రం ప్రకాశం పార్కుకు ఎవరైనా వస్తారా? గంటసేపు తెలుగు బంద్, ఇంగ్లీషు కూడా.

కుప్పం_కుర్రోడు:
రైలెక్కి వచ్చేస్తా అన్నా. సైగలు చేయొచ్చా?

చిత్తూరు_కోట:
సైగలు సరే. గూగుల్ ట్రాన్స్‌లేట్ తీస్తే మాత్రం అందరికీ టీ వాళ్లే ఇప్పించాలి.